తలుపు వెనక ముఖం

సుభద్రమ్మ గొడుగు పోయిన రోజున నారాయణమూర్తి మాస్టారు నౌపడ స్టేషను బయట బల్లలన్నీ వంగి వంగి వెతికారు.

భార్య పోయి రెండు నెలలైంది. ఆమె వస్తువుల్లో ఆయన వెంట రోజూ రైల్లో బడికి వచ్చేది ఆ గొడుగొక్కటే.

"మేస్టారూ, ఇదుగో! బల్ల కింద సేతికి తగిలినాది. మీ సెప్పుల కిర్రు ఇని మీరేననుకున్నాను."

దాలమ్మ టీ కొట్టు ముందు కూర్చున్న ముసలి సోములు గొడుగు చాపాడు.

గొడుగు దొరికింది. మనిషే వదల్లేదు.

"బావూ, డేరాలో సస్పెన్సు సినిమా ఆడతన్నాది. సూసినారా?"

"లేదు."

"సూడాల. పాతదే గానీ, అలాటిది మరి రాదు. మెట్ల మీద బూట్లు టకటకమంటాయి. గడియారం కొడతాది. గుండె నోట్లోకొచ్చేస్తాది!"

"నాకిప్పుడు సినిమాలేమిటయ్యా?"

మర్నాడు టీ గ్లాసు అందుకోగానే అదే మాట. ఆ మర్నాడూ అదే. రైలు వచ్చేదాకా ఒకటే పోరు.

"నువ్వేమైనా డేరావాళ్ళ మనిషివా?"

"నానా? డేరా ఎనకాల కూకుంటాను బావూ, రోజూ."

"అంటే టిక్కెట్టు కొనవన్నమాట."

"కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే."

మాస్టారు విసుగ్గా పట్టాల వైపు తిరిగారు. సుభద్రమ్మ పోయాక ఆయన ఎవరి ముఖమూ నేరుగా చూడడం లేదు.

శనివారం, ఆ పోరు పడలేక, టిక్కెట్టు కొన్నారు.

గేటు దగ్గర పలక మీద సుద్దతో రాసి ఉంది: 'ముగింపు ఎవరికీ చెప్పవద్దని మనవి.'

చివర ఒక తలుపు తెరుచుకుంది. హంతకుడి ముఖం. ఒక ఆడమనిషి కేక. ఒక్క మాట లేదు, సంగీతం తప్ప. అంతటితో ఆట అయిపోయింది.

ఇంటి తాళం తీస్తుంటే గుర్తొచ్చింది, ఆట సాగినంతసేపూ సుభద్రమ్మ గుర్తు రాలేదని. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

సోమవారం ఆయన చెప్పుల చప్పుడు వినగానే సోములు లేచి నిలబడ్డాడు.

"సూసేసినారంట గదా! ఆఖర్న తలుపు తెరిసీసరికి ఎవులున్నారు బావూ?"

"చెప్పకూడదు."

"ఈళ్ళనడిగితే ఒకడు డాక్టరంటాడు, ఒకడు వంటోడంటాడు. గంగరాజైతే మీ మావేరా అంటాడు. అంతా ఏళాకోళం. మీరు మేస్టారు, అబద్దం సెప్పరు. ఆ ఒక్క ముక్కా సెప్పీండి."

"చెప్పవద్దని పలక మీద రాశారు. రాసిన మాటకు విలువుండాలి."

"నాను ఎవులికీ సెప్పను. ఒట్టు!"

"ఎందుకయ్యా నా ప్రాణం తీస్తావు? డేరా ఎదురుగానే ఉంది. నువ్వే వెళ్ళి చూసుకో!"

సోములు బల్ల అంచు తడుముకుని కూర్చున్నాడు. తర్వాత నవ్వాడు.

"అదీ నిజివేలెండి."

మర్నాటి నుంచి బల్ల ఖాళీ.

రెండు రోజులు మాస్టారు హాయిగా టీ తాగారు. మూడో రోజు టీ రుచించలేదు.

"దాలమ్మా, ఆ సినిమా మనిషేడీ?"

"సోములా? కూతురొచ్చి బండెక్కించి తీసుకుపోనాది. ఏ ఊరో నాకూ తెల్దు బావూ. మరి రాడంట."

డేరా కూడా ఎత్తేశారు. గుంజలు పాతిన గుంటలే మిగిలాయి.

"పోనీ, వెళ్ళేలోగా ఆ ముగింపేదో చూసుకున్నాడా?"

దాలమ్మ గ్లాసు కడగడం ఆపింది.

"ఆడేటి సూస్తాడు బావూ? ఉప్పు మళ్ళల్లో పని సేసి సేసి, ఆ ఎండ తెలుపు ఆడి కళ్ళు రెండూ ఎప్పుడో తినేసినాది. మేస్టారు సూసొస్తే నాను సూసినట్టే అనీవోడు. మీకు తెల్దా?"

రైలు కూత వేసింది. మాస్టారు గొడుగు పట్టుకుని అక్కడే నిలబడిపోయారు.

తలుపు వెనక ఉన్నదెవరో సోములుకు ఇంకా ఎవరూ చెప్పలేదు.