పక్క సీట్లో మనిషి

"క్లచ్చు తొక్కమ్మా, క్లచ్చు!" అన్నాడు పక్క సీట్లో మనిషి.

తొక్కేలోపే బేకరీ వ్యాను కప్పలా గెంతి ఆగిపోయింది. వెనకాల సైకిలాయన నోటిదాకా వచ్చిన తిట్టు దిగమింగుకుని పక్కనుంచి వెళ్ళిపోయాడు.

ఆమె స్టీరింగు మీద తల ఆనించింది. ఈ జన్మకి వస్తుందా ఈ విద్య?

ఇన్నేళ్ళూ ఆ వ్యాను నడిపి ఇల్లు నడిపినవాడు ఆమె భర్త. ఇప్పుడాయన చూపు పోతోంది. గుమ్మం కూడా చేత్తో తడుముకుంటున్నాడు. బేకరీ యజమాని దయతలిచి ఒక మాటన్నాడు.

"నువ్వు లైసెన్సు తెచ్చుకున్నావా, ఉద్యోగం నీదే. పరీక్ష పోయిందా, కొత్త డ్రైవరుకి ఇచ్చేస్తా. మనిషిని చూసి పెట్టుకున్నాను. అంతవరకూ పొద్దున పూట మా బావమరిది తిప్పుతాడు."

సాయంత్రాలు వ్యాను ఖాళీయే. కానీ ఎల్ బోర్డు బండిలో పక్కన లైసెన్సున్న మనిషి ఉండి తీరాలి. అడగ్గానే అన్నయ్యకి నడుంనొప్పి వచ్చింది. మరిదికి ఊపిరాడని పని పడింది.

అప్పుడే బేకరీ వెనక గేటు దగ్గర నిలబడ్డ నెరిసిన జుట్టాయన ఎవరో ముందుకొచ్చాడు.

"నాకు లైసెన్సుంది. కూర్చోనా అమ్మా?"

"ఊరికేనా?" ఆమె అనుమానంగా చూసింది.

"ఊఁ."

బండి సంగతి తప్ప ఏమడిగినా చాలావరకు ఆ ఒక్క అక్షరమే. అందుకే ఇంట్లో ఆయనకి 'ఊఁ బాబాయి' అని పేరు పెట్టేసింది.

"మీకు వేరే పనీపాటా లేదా బాబాయ్?"

"ప్రస్తుతానికి లేదమ్మా."

పరీక్ష వాళ్ళ పేటలోనే. ఇన్‌స్పెక్టరు తిప్పే వీధులు అందరికీ తెలిసినవే. అందుకని ఆమె ఒక కిటుకు కనిపెట్టింది. పిండిమర దగ్గర ఇండికేటరు వేయాలి. మందుల షాపు దగ్గర అద్దం చూడాలి. సెలూన్ బోర్డు కనబడగానే గేరు తగ్గించాలి. అన్నం వండుతూ కూడా ఎక్కంలా వల్లె వేసేది.

"బోర్డుల్ని కాదమ్మా, రోడ్డుని చూడు," అనేవాడాయన.

"బోర్డులు కదలవు బాబాయ్. రోడ్డునెలా నమ్మమంటారు?"

బండి కాస్త మాట వినడం మొదలెట్టాక కడుపులో మంట బయటికొచ్చేది.

"ఆ కొత్త డ్రైవరెవడో గానీ, వాడి చేతులు పడిపోను! నేనెప్పుడు తప్పుతానా అని గుంటనక్కలా కాచుక్కూర్చున్నాడు. వాడికి మాత్రం పెళ్ళాం పిల్లలు లేరూ?"

"ఉండే ఉంటారు," అన్నాడు ఊఁ బాబాయి. "గేరు మార్చమ్మా."

పరీక్ష రోజు రానే వచ్చింది. "నాకంటే నీకే బాగా కనబడుతుందిలే, వెళ్ళు," అని భర్త నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చున్నాడు. పిండిమర గట్టెక్కింది. మందుల షాపు గట్టెక్కింది. ఇక సెలూన్ బోర్డు.

బోర్డు లేదు.

రంగు వేయించడానికి ఆ పొద్దున్నే దింపేశారు. ఏమైందా అని దుకాణాల వంక వెతుకుతూనే పై గేరులో బడి మలుపు దాకా దూసుకుపోయింది. ఎదురుగా గొడుగేసుకుని రోడ్డు దాటుతున్న ముసలమ్మ.

ఇన్‌స్పెక్టరు హ్యాండ్‌బ్రేకు లాగేశాడు. ముసలమ్మకేం కాలేదు.

"దిగమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాది తిండీ పోయింది.

ఊఁ బాబాయి ఎదురొచ్చాడు. దుఃఖం ఎవరి మీద చూపాలో తెలియక ఆమె ఆయన మీదే విరుచుకుపడింది.

"బోర్డులు చూడొద్దు చూడొద్దని నా బుర్ర తినేశారు! అసలు ఊరికే ఎవరు కూర్చుంటారండీ ఈ రోజుల్లో? మీరూ ఆ కొత్త డ్రైవరూ తోడుదొంగలు కదూ? నన్ను ముంచి, వాడికి తాళాలిప్పించడానికే వచ్చారు కదూ?"

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె తన దగ్గరున్న తాళాలు పట్టుకుని బేకరీకి వెళ్ళింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"ఆ మహానుభావుడెక్కడండీ? ఇవి వాడి చేతిలోనే పెట్టి, కడుపారా నాలుగు తిట్టి పోతాను."

యజమాని ట్రేలో బన్నులు సర్దుతున్నాడు. తలెత్తలేదు.

"ఇంకెక్కడి డ్రైవరమ్మా! ఈ ఉద్యోగం నాకొద్దని చెప్పి ఇందాకే బస్సెక్కేశాడు. నాకూ విసుగెత్తింది. వ్యాను అమ్మేస్తున్నా. కొనేవాడు మధ్యాహ్నం వస్తున్నాడు."

"బాబ్బాబు, ఇంకొక్క పరీక్ష దాకా ఆగండి. మీరే కదా దయతలిచారు..."

"నేనా?" యజమాని అప్పుడు తలెత్తాడు. "వచ్చిన రోజే తాళాలిస్తానంటే, 'ముందు ఆవిణ్ణి పరీక్షకి వెళ్ళనివ్వండి, పక్కన నేను కూర్చుంటాను' అన్నది ఆ డ్రైవరే కదమ్మా!"