ప్రతి లైనూ నాదే

నాగర్‌కర్నూల్ బస్టాండు చౌరస్తాలో కారు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రైతులు కూర్చున్నారు.

"ఉప్పునుంతల దిక్కు కౌలుదార్లు మేడం. పంటల బీమా పైసలు రాలేదని వారం సంది గిట్లనే కూసుంటున్నరు," అన్నాడు డ్రైవర్ పాల్.

"ఎవరి మీద కోపం?"

"గదే తెల్వక పరేషానైతుండ్రు. కంపెనీ ఒకర్ని చూపెడ్తది, ఆఫీసోళ్లు ఇంకొకర్ని చూపెడ్తరు. ఎవన్ని దొరకవట్టాలె మేడం?"

అమూల్య అద్దం దించి కాసేపు చూసింది. మళ్లీ ఎత్తేసింది. ఆమెకు ఆ రోజు కావలసింది ఒక్కడే. మహిపాల్.

ఊరు దాటాక కొత్తగా వెలిసిన ప్రైవేటు యూనివర్సిటీలో ఒక్క పోస్టు ఉంది. సగం అర్థశాస్త్రం, సగం కంప్యూటర్లు. రెండూ వచ్చినవాళ్లే కావాలి. ఎవరికి ఎంత వచ్చో తేల్చడానికి హైదరాబాదు నుంచి అమూల్యను పిలిచారు. అభ్యర్థుల్లో మహిపాల్ ఉన్నాడని తెలిసి ఆమె ఇంకో మాట లేకుండా ఒప్పుకుంది.

పదేళ్ల కింద ఆ రెండూ కలిపి పరిశోధన చేస్తానంటే, రెంటికీ చెడ్డ రేవడివవుతావని అందరూ నవ్వారు. అయినా చేసింది. కరువొస్తే పాలమూరులో ఏ ఇంటికి ఎంత నష్టమో లెక్కగట్టే ప్రోగ్రాం అది. హాస్టలు గదిలో కూర్చుని లైను లైనూ తనే రాసింది. తోటి విద్యార్థి మహిపాల్ "ఒక్కసారి చూసిస్త" అని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాడు. చూశాడు. తన పేరు పెట్టుకుని ఆమెకంటే ముందే థీసిస్ ఇచ్చేశాడు. కాపీ కొట్టింది అమూల్యేనని గైడు తేల్చేశాడు.

ఆమె మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అంతవరకైతే ఓర్చుకునేదేమో. కానీ ఆ కబురు ఆమె సొంతూరు ఖిల్లా ఘణపూర్ దాకా పాకింది. "నీ బిడ్డ దొంగతనం జేసి దొరికిందట గదా రాములు," అని హోటల్లో ఎవడో అన్నాడు. ఆ తర్వాత ఆమె నాన్న చాయ్ తాగడానికి కూడా గడప దాటలేదు. చనిపోయేదాకా దాటలేదు.

ఇలాంటివి మరిచిపోయేవాళ్లు మహాత్ములు. అమూల్య మామూలు మనిషి.

లోపలికొచ్చిన మహిపాల్ బల్ల అవతల ఆమెను చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"కూచోండి," అంది అమూల్య నవ్వుతూ. ఆ నవ్వుకు అతని ప్రాణం కాస్త కుదుటపడింది.

మూలన కెమెరా ఎర్రగా వెలుగుతోంది. ఇంటర్వ్యూలన్నీ రికార్డు చేయడం అక్కడి పద్ధతి.

కమిటీ పెద్ద కురుమూర్తి గారు ప్రోగ్రాం సంగతి ఎత్తారు. "ఎక్కడన్నా వాడుతున్నారా?"

"ఒక పంటల బీమా కంపెనీ తీసుకుంది సార్. రెండేండ్ల సంది నడుస్తుంది."

"మీరొక్కరే రాశారా?" అడిగింది అమూల్య. "ఆలోచించుకునే చెప్పండి. ఒక్కరే రాస్తే పూర్తి మార్కులు. ఇంకొకరి చెయ్యి ఉంటే సగమే. నిజం చెప్తే మాత్రం నేను తప్పు పట్టను."

మహిపాల్ తలుపు వైపు చూశాడు. బయట ఇంకా ఇద్దరున్నారు. సగం మార్కులకు ఈ ఉద్యోగం రాదు. అయినా అప్పుడే నిరూపించలేనిది ఇప్పుడేం నిరూపిస్తుంది?

"నేనొక్కన్నే రాసిన మేడం."

"భూమి పాసుపుస్తకం లేనివాళ్లను లెక్కలోకి తీసుకోవద్దని అందులో ఒక లైను ఉంది. అది కూడానా?"

ఆ లైను అమూల్యకు బాగా గుర్తు. కౌలుదార్ల వివరాలు దొరక్క, మళ్లీ ఊళ్లన్నీ తిరిగే ఓపిక లేక, ఒక సాయంత్రం రాసి పడేసింది.

మహిపాల్ ఆ లైను ఎన్నడూ చూసినవాడు కాదు. కానీ తడబడితే దొరికిపోతాడు.

"అది కూడా నేనే మేడం. బాగా ఆలోచించే పెట్టిన. ప్రతి లైనూ నాదే."

"ఇంకెవరికీ సంబంధం లేదు?"

"ఎవ్వరికీ లేదు మేడం."

అమూల్య పూర్తి మార్కులు వేసింది. కురుమూర్తి గారే ఆశ్చర్యపోయారు. ఉద్యోగం మహిపాల్‌కే వచ్చింది.

వరండాలో అతను ఆమె వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. కళ్లలో నీళ్లు.

"అమూల్యా, పాతయన్ని మనసుల పెట్టుకోలేదు నువ్వు. నీ మేలు ఎప్పటికీ మర్వ."

"మర్వకు," అంది అమూల్య.

తిరిగొచ్చేసరికి చౌరస్తాలో రైతులు ఇంకా కదల్లేదు. ఆమె కారాపించి దిగింది. ముందు వరసలో తిరుపతమ్మ అనే ముసలామె కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. అమూల్య ఆమె పక్కన గొంతుక్కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, పాసుపుస్తకం లేదని మీ కౌలుదార్లకు బీమా రాకుండ జేసిన లెక్క రాసినాయన దొరికిండు, పేరు మహిపాల్, ప్రతి లైనూ తనదేనని ఇప్పుడే కెమెరా ముందట ఒప్పుకున్నడు."