చుక్క పోయని ట్యాంకు

పెట్రోలు వాసన షెడ్డంతా కమ్ముకుంది. పాత మిలిటరీ జీపు కింద వెల్లకిలా పడుకున్న మెకానిక్కుకి ముచ్చెమటలు పోశాయి. డ్రైవరు సీటు కింద అతను ఇప్పుడే బిగించింది పాతదాని కొలతలతో చేయించిన సరికొత్త ట్యాంకు. అందులో ఇంకా చుక్క పెట్రోలు పొయ్యలేదు. అయినా కారుతోంది.

పాత ట్యాంకుకి నిప్పంటుకునే, అతని అన్న ఆ సీట్లో కాలిపోయాడు. జీపును మళ్లీ నడిపించమని పట్టుబట్టిన వదిన ఇప్పుడు అదే సీట్లో కూర్చుని ఉంది.

"ఏమయ్యా మరిదీ, బండి కింద కాపురం పెట్టావా?"

"కారుతోంది వదినా, ఉండు!"

చీకట్లోనే చెయ్యి చాచి ట్యాంకు అడుగున పెట్రోలు వదిలే డ్రెయిన్ బోల్టు పట్టుకున్నాడు. బోల్టు అతని వేళ్ల మధ్య తనంతట తానే తిరుగుతూ వదులవుతోంది.

"ఆ రోజు పైపు పగిలి కారిందని అందరికీ చెప్పింది నువ్వే," అంది వదిన సీట్లోంచి కిందికి తొంగిచూస్తూ, నింపాదిగా. "మరి నీ చెయ్యి తిన్నగా బోల్టు మీదికే పోయిందేం?"

అతను బయటికి పాకబోయాడు. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకున్నారు. జీపు కింద అతను తప్ప ఎవరూ లేరు.

వదిన పాదాలు నేలమీదికి దిగాయి. అగ్గిపెట్టె గలగలమంది. ఆమె వంగి ట్యాంకును మెల్లగా తట్టింది.

"ఏవండీ, షెడ్డు తనొక్కడికే దక్కాలని ఆ రోజు బోల్టు వదులు చేసిందెవరో ఇప్పుడైనా చెప్పండి."

ఖాళీ ట్యాంకు లోపలినుంచి ఎవరో తిరిగి తట్టారు. తర్వాత అతను పుట్టినప్పటినుంచీ ఎరిగిన గొంతు, పొగకి బొంగురుపోయిన గొంతు, పలికింది.

"నా తమ్ముడే."