రెండో పేరు

స్టేజీ వెనక గదిలో ఇంగ్లిష్ మాస్టారు గట్టిగా ఊపిరి పీల్చాడు. కోటు మధ్య గుండీ పుటుక్కున తెగి నేల మీద దొర్లింది.

కాసేపట్లో పేరు పిలుస్తారు. మిడిల్ స్కూళ్లలో ఉత్తమ ఇంగ్లిష్ టీచర్ అవార్డు.

తలుపు పక్కన కూర్చున్న ఒకావిడ లేచి గుండీ ఏరి తెచ్చింది.

"విప్పకండి, అలాగే కుట్టేస్తాను," అంటూ సంచిలోంచి సూదీ దారం తీసింది.

"సూది కూడా వెంట పెట్టుకు తిరుగుతావా అమ్మా?"

"బడి పిల్లలతో పని కదండీ. రోజూ ఎవరిదో ఒకటి తెగుతూనే ఉంటుంది."

ఆయా కాబోలు అనుకున్నాడు మాస్టారు.

"కోటు నాది కాదులే. మా బావమరిది పెళ్లికోటు. వాడు చువ్వ, నేను బస్తా."

ఆవిడ నవ్వింది. "కదలకండి, గుచ్చుకుంటుంది. అవార్డు మీకేనా సార్?"

"నాకే. చివరికి రెండు పేర్లు మిగిలాయి. ఒకటి నాది, ఇంకోటి వేరే స్కూలు టీచర్‌ది. ఆవిణ్ణి పక్కన పెట్టేశారు."

"ఏం, పాఠం సరిగా చెప్పదా?"

మాస్టారు గొంతు తగ్గించాడు.

"కమిటీ వాళ్లు వచ్చి క్లాసు చూస్తారు కదా. ఏం అడిగినా అందరూ చేతులెత్తాలని పిల్లలకి ముందే నేర్పి పెట్టిందట. జవాబు తెలిస్తే కుడిచెయ్యి, తెలియకపోతే ఎడమచెయ్యి. ఆ టీచర్ కుడిచెయ్యి ఎత్తినవాళ్లనే లేపి అడుగుతుంది. చూసేవాళ్లకి క్లాసంతా పండితులే."

సూది ఆగింది.

"ఎవరన్నారు సార్ ఆ మాట?"

"అందరూ అనుకుంటున్నారు."

ఎవరూ అనుకోవడం లేదు. చేతిరుమాలు అడ్డం పెట్టి, గొంతు మార్చి, కమిటీ ఆఫీసుకి ఫోన్ చేసింది మాస్టారే. ఆ టీచర్ని ఆయన ఎన్నడూ చూడలేదు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి కిటుకు కూడా ఆయనదే. కమిటీ వచ్చిన రోజు తన క్లాసులో వాడింది అదే. అబద్ధం కొత్తగా అల్లడం చేతగాక, తను చేసిన పనినే తీసుకెళ్లి ఆవిడ మెడకు చుట్టాడు.

అప్పటినుంచీ తిన్నది ఒంటబట్టడం లేదు. అవార్డు చేతికొస్తే అదే సర్దుకుంటుందని ఆయన ఆశ.

"పాపం," అంది ఆవిడ. సూది మళ్లీ కదిలింది.

ఆరో క్లాసు పిల్ల ఒకతి తలుపు సందులోంచి తల పెట్టింది. "సార్, మేమంతా ముందు వరసలోనే కూర్చున్నాం. మీరేం భయపడకండి."

"మీ సారు దగ్గరే చదువుతున్నావా? ఏదీ, ఆయన గురించి ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు చెప్పు," అంది ఆవిడ.

పిల్ల చెప్పింది. రెండు చోట్ల తడబడింది, ఒక చోట తప్పు చెప్పి తనే దిద్దుకుంది. పోయినేడు నోరు తెరవడానికే భయమేసేదని, సారు రోజూ పక్కన కూర్చుని మాట్లాడించాడని చెప్పి, నవ్వుతూ పరుగెత్తింది.

ఆవిడ ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

"మీ పిల్లలకి జంకు లేదు సార్."

"అదొక్కటే నేను నేర్పింది," అన్నాడు మాస్టారు. ఆ ఒక్క మాటా నిజమే.

ఆవిడ దారం పంటితో తెంపి, సంచి తగిలించుకుని బయటికి వెళ్లిపోయింది.

పేరు పిలిచారు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ఆరో క్లాసు పిల్లే. మాస్టారు ఆ వైపు చూడలేకపోయాడు.

హాలు ఖాళీ అవుతుంటే కమిటీ అధ్యక్షుడు ఆయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇప్పుడు చెప్పొచ్చు మాస్టారూ. ఈ అవార్డు వెంట్రుకవాసిలో మీకు తప్పిపోయేది."

"ఎందుకండీ?"

"రెండో పేరు మీద ఆకాశరామన్న ఒకడు ఫోన్ చేశాడు. పిల్లల చేత చేతులెత్తించే తంతు ఏదో చెప్పాడు. రుజువు లేదు గానీ, మచ్చ మచ్చే కదా, ఆవిణ్ణి పక్కన పెట్టాం. ఆ సంగతి ఆవిడకి తప్ప బయట ఎవరికీ చెప్పలేదు. 'చెప్పకండి. ఆ చేతుల మాట ఎవరి నోట వస్తే వాడే ఫోన్ చేసినవాడు. నేను వెతుక్కుంటాను,' అంది. దొరికితే అవార్డు ఆవిడకే ఇద్దామనుకున్నాం."

"దొరికాడా?" అన్నాడు మాస్టారు.

"మీ పేరు పిలిచేముందు కూడా అడిగాను. 'లేదండీ, దొరకలేదు. ఆ సారు దగ్గర చదివే పిల్ల మాట్లాడింది విన్నాను, తడబడింది గానీ ఆగలేదు. ఆయనకే ఇవ్వండి,' అంది." అధ్యక్షుడు నిట్టూర్చాడు. "టెంపరరీ పోస్టు పాపం. అవార్డొస్తే పర్మినెంట్ అయ్యేది. ఈ నెలతో సరి."

"అయ్యా, ఒక్క మాట..."

అధ్యక్షుడు వినిపించుకోలేదు. కిటికీలోంచి రోడ్డు వైపు చూపించాడు.

"అదిగో, బస్సెక్కుతోందే, ఆవిడే."

వెనక్కి తిరిగి చూడకుండా బస్సులో వెళ్లిపోతున్నది, ఇందాక తన గుండెకు జానెడు దూరంలో తల వంచుకుని నిలబడి, తన నోటి నుంచే అంతా విన్న మనిషి.