కడ్డీ మీద ఎలక

మార్ఫిన్ సూది వేసిన ఎలక ముందుకాళ్లని హరిప్రియ మేడం అడ్డకడ్డీ మీద పెట్టింది. అది దిగలేదు. బొమ్మలా ఉండిపోయింది.

"ఒళ్లు కూడా చల్లబడిందండీ. వెచ్చబడ్డానికి లైటు వెయ్యండి సత్యంగారూ."

అమలాపురంలో ఈ ఫార్మసీ కాలేజీ ఎలకల్ని చూసేది నేనే. కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం పోతే, చెట్లెక్కేవాణ్ణి తెచ్చి బోనుల దగ్గర కూచోబెట్టేరు.

లైటు వేస్తుంటే మా ఆవిడ ముత్యాలు రొప్పుతూ వచ్చింది.

"ఏవండీ, మన హేమకి ఆడపిల్ల పుట్టిందంట! మలికిపురం ఆస్పత్రికి పోదాం, రండి."

"ఆయ్," అన్నాను.

"ఆయ్ ఏంటండీ, మనవరాలు పుడితే!" అని, ఎలకని చూసింది. "ఇది దిగదేంటమ్మా?"

"నొప్పి తగ్గించే మందండీ. ఎక్కువైతే కదలదు. ఎక్కడ పెడితే అక్కడే."

"మా ఆయనా అంతేనమ్మా! నడుంనొప్పి బిళ్లలేసుకుని అరుగు మీద స్తంభం పట్టుకు కూచుంటారు. వాన కొట్టినా లేవరు."

మేడం నవ్వబోయి ఆగింది. "ఏం బిళ్లలండీ?"

జేబులోంచి అట్ట తీసిచ్చాను. మేడం చదివి, నావైపు చూళ్లేదు.

"ఇదీ ఆ జాతి మందేనండీ."

ముత్యాలు గబుక్కున నా చెయ్యి ఎత్తి పట్టుకుంది. "ఇంత చల్లగా ఉన్నారేంటండీ?"

మనవరాలు, అని లోపల అనుకుని చూశాను. ఏమీ కాలేదు.

"రండి," అంటూ ముత్యాలు చెయ్యి వదిలి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, అక్కడే ఆగిపోయింది.

ఎలక కడ్డీ దిగింది. నా చెయ్యి ఆవిడ వదిలిన చోటే ఉంది, గాల్లో.