ఆకు వెనక స్ప్రింగు

"అయిదింటిలోపు ఇంకొక్కరు చేరకపోతే బైపీసీ ఎత్తేస్తున్నాం కాంతమణి గారూ. పగటి సెక్షనో, ఈవినింగ్ సెక్షనో, నాకొక్క పేరు చూపించండి చాలు," అనేసి ప్రిన్సిపాల్ సదాశివ తన గదిలోకి వెళ్లిపోయాడు.

మారేడ్‌పల్లిలోని ఆ జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే కాంతమణికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదని మండిపడాలి? సందుకో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసిన రోజులవి. మొక్కల చదువు ఎవరిక్కావాలి?

అడ్మిషన్ల బల్ల దగ్గర ఒక తండ్రీ కూతురూ మాత్రమే మిగిలారు. చిలకలగూడలో గడియారాలు బాగుచేసే కలీముల్లా, ఆ ఏడే టెన్త్ ఫస్ట్‌క్లాసులో పాసైన ఉమేరా. కాంతమణి పరుగున వెళ్లి వాళ్లని పట్టుకుంది.

"బైపీసీ తీసుకోరాదూ తల్లీ?"

"లేదు మేడమ్, ఎంపీసీనే. సాఫ్ట్‌వేర్‌లకు పోతా," ఉమేరా తడుముకోలేదు.

"మా బిడ్డ మాట పక్కా మేడమ్. మూడేండ్ల సంది గిదే పాట," నవ్వాడు కలీముల్లా.

"ఒక్క అయిదు నిమిషాలు రండి బాబూ. చూస్తే ఏటి పోయింది?" కంగారులో విజయనగరం యాస బయటికొచ్చేసింది.

ల్యాబ్ కిటికీలో ఉన్న ఫెర్న్ కుండీలోంచి ఒక ఆకు తుంచి వెనక్కి తిప్పింది. వరసగా గోధుమరంగు చుక్కలు.

"పురుగు పట్టిందా మేడమ్?" అంది ఉమేరా.

"అందరూ అదే అంటారు! పురుగు కాదమ్మా, దాని వంశమంతా అక్కడే ఉంది. ఫెర్న్‌కి పువ్వుండదు, కాయుండదు. ఆ చుక్కలో బోలెడు బుల్లి సంచులుంటాయి. సంచి నిండా పొడి. సిద్ధబీజాలంటాం. అవి గాలికెగిరి, తడి దొరికిన చోట మొలకెత్తుతాయి."

మైక్రోస్కోప్ కింద ఆకుముక్క పెట్టి, పక్కనే టేబుల్ లైట్ వేసింది. ముందు ఉమేరా చూసి "భలే ఉంది" అని లేచింది. తర్వాత కలీముల్లా కూర్చున్నాడు. ఇక లేవడే!

"మేడమ్, సంచి చుట్టు పట్టీ ఉన్నది... అరె, వెనక్కి వంగుతున్నది!"

"వేడికి ఆరుతోంది. చూస్తూ ఉండండి."

వంగి వంగి ఆ పట్టీ ఒక్కసారిగా వెనక్కొచ్చి కొట్టింది. పొడి చెల్లాచెదురైంది. కలీముల్లా ఉలిక్కిపడి తల ఎత్తాడు. మళ్లీ అంతే వేగంగా కన్ను ఆనించాడు.

"యా అల్లా! స్ప్రింగ్ మేడమ్, అసల్ స్ప్రింగ్! చావీ ఎవరిస్తున్రు దీనికి?"

"కీ ఎవరూ ఇవ్వక్కర్లేదండీ. పట్టీలో నీరు ఆరేకొద్దీ బిగుస్తుంది. ఇక తట్టుకోలేక విసిరేస్తుంది."

"ఇన్నేండ్ల సంది స్ప్రింగులతోనే బతుకుతున్న. గింత సన్నటి పని ఎన్నడు సూడలే. సుభానల్లా!"

కాంతమణికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఆకుని ఇంత ప్రేమగా చూసిన మనిషి ఈ మధ్యకాలంలో ఆ గదిలోకి రాలేదు మరి. ఆశగా అడిగింది.

"మీరు ఒక్క మాట చెబితే అమ్మాయి వింటుందేమో..."

ఉమేరా తండ్రి వైపు బెదురుగా చూసింది. "అబ్బాజాన్, నాకు మస్తు నచ్చింది. కానీ నేను ఎంపీసీనే చదువుతా."

"చదువు బేటా. నీ చదువు నీ ఇష్టం, నేను జబర్దస్తీ చెయ్య," అన్నాడు కలీముల్లా, మైక్రోస్కోప్ మీంచి కన్ను తీయకుండానే.

అయిదు కావస్తోంది. కాంతమణి గడియారం చూసుకుంది. అయినా ఆ తండ్రి మాట తప్పని ఎలా అంటుంది?

"మంచి మాట చెప్పారు. వెళ్లిరండి. బాగా చదువుకో తల్లీ," అని ఉమేరా తల నిమిరి, లైటు ఆర్పబోయింది.

కలీముల్లా చప్పున ఆమె చేతికి అడ్డంగా తన చేయి పెట్టాడు.

"లైటు జెర ఉండనియ్యున్రి మేడమ్. నేను సుత టెన్త్ పాసే... ఈవినింగ్ సెక్షన్‌ల నా పేరు రాసుకుంటరా?"