చూచిరాత

“ఈ పేజీలు ఫోటో తీసుకుని వెళ్లిపోతాను టీచర్‌గారూ,” అన్నాడు డాక్టర్ సుధీంద్ర. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె వాడిన పిల్లల్లో మూర్ఛ ఎంత తగ్గిందో ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నాడు.

“వద్దు సార్. ఈడ్నే కూసొని చూసి రాయండి.” చనిపోయిన కొడుకు డానీ గురించి రోజూ తను రాసిన నోటుబుక్కును ప్రేమావతి ముందుకు జరిపింది. శంషాబాద్‌లో తన గడప ఆయన తొక్కే రోజు కోసమే దాన్ని రెండేళ్లు దాచింది.

ఆయన రాశాడు: ‘నూనె వేశాం. ఫిట్స్ లేవు. డాబా మీద పదకొండు విమానాలు లెక్కపెట్టాడు.’

“విమానాలు అవసరమా అమ్మా?”

“అవి గూడ రాయాలె.”

పేజీ తిప్పగానే పెన్ను ఆగింది.

“రాయండి. ‘రుజువుల్లేవు, నూనె ఆపెయ్యండి’ అని మీరన్న రోజు అది.”

‘నూనె ఆపాం. ఫిట్స్ ఏడు.’ ఆయన అక్షరాలు చిన్నవైపోయాయి. నాలుగో రోజు తర్వాత అన్నీ ఖాళీ పేజీలే.

“అయిపోయిందమ్మా.”

“కాలే సార్. ఖాళీ పేజీలకు గూడ తారీఖులు వెయ్యండి. ఇయ్యాల్టి దాంక.”